తెలియదన్న మాట

నలభై తొమ్మిదేళ్ల మనిషికి యువ పరిశోధకుల బహుమతి ఏమిటని ఇంటిల్లిపాదీ నవ్వారు. "నీ మోకాళ్ల నొప్పి సంగతి వాళ్లకి చెప్పావా?" అన్నాడు భర్త. వాళ్లు చూసేది వయసు కాదు, డాక్టరేటు వచ్చి ఎన్నేళ్లయిందని. ఆమెకొచ్చి ఐదేళ్లే. అంతకుముందు ఇరవై ఏళ్లు కోర్టులో టైపిస్టు. ఆ ఉద్యోగం చేస్తూనే పట్టుబట్టి మనస్తత్వశాస్త్రం చదివింది.

కోర్టు బోనెక్కిన పిల్లలు నోరు విప్పకపోతే, రికార్డులో "తెలియదు" అని పడేది. తెలియకపోవడం వేరు, చెప్పలేకపోవడం వేరని రెండు వందల కేసుల కాగితాలు తిరగేసి తేల్చిందామె. ఇప్పుడు వాళ్ల జిల్లా కోర్టుల్లో "సాక్షి జవాబు చెప్పలేదు" అని రాస్తున్నారు. ఒక్క మాటకి బహుమతా అని మూతి విరిచేవాళ్లు ఒక్కపూట కోర్టులో కూర్చుని చూడాలి.

ఈ ఆలోచన మీకెలా వచ్చిందని వేదిక మీద అడుగుతారని ఆమెకి తెలుసు. వారం రోజులుగా అన్నం సహించలేదు. బయల్దేరే రోజు పొద్దున, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్తకి చెప్పేసింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తొమ్మిదేళ్ల పిల్ల బోనెక్కింది. మీ అమ్మని కొట్టిందెవరని వకీలు అడిగాడు. పిల్ల తండ్రి వైపు ఒక్క చూపు చూసి తల దించుకుంది. జడ్జిగారు, పాపం, ఆ చూపు గమనించలేదు. "తెలియదట, కొట్టమ్మా" అన్నారు. గమనించిన ఈమె కిక్కురుమనకుండా టైపు కొట్టింది. కేసు కొట్టేశారు.

"చెప్పింది కొట్టావు, నీ తప్పేముంది?" అన్నాడు భర్త. "ఇప్పుడు తవ్వుకుంటే నీ పరువే పోతుంది. థాంక్స్ చెప్పి దిగిపో."

సాయంత్రం అనుకున్నట్టే సభాధ్యక్షులవారు అదే ప్రశ్న అడిగారు. ఆమె మైకు ముందు నిలబడింది. ముందు వరసలో భర్త తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె తల దించుకుంది. హాలంతా ఎదురుచూసింది.

అధ్యక్షులవారు మంచి మనిషి. మైకు తనవైపు తిప్పుకుని, "ఆనందంతో మేడమ్‌గారికి మాట రావడం లేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె మైకు వెనక్కి తిప్పుకుంది.

"ఆనందం కాదండి" అంది. "ఒక పిల్ల ఇలాగే నిలబడింది. ఆ పిల్లకి తెలుసు. తెలియదని కొట్టింది నేను."