బొగ్గుగీత ఉన్నంతసేపూ

ఒరే, ఒసే, మన బడి బేచీ వాళ్ళంతా! రంగు వెయ్యకముందు షాపుల గోడల మీద కనిపించే బొగ్గు బొమ్మలు గుర్తున్నాయా? ఇవాళ చోడవరంలో నా డిజైన్ షాపులో పెన్సిల్ చెక్కుతుంటే నాకు అవే గుర్తొచ్చాయి.

మా నాన్న గోడల మీద బొమ్మలూ పేర్లూ వేసేవాడు. నీలిమందులో ముంచిన దారానికి చెరో కొసా నేనూ చెల్లీ పట్టుకుంటే, మధ్యలో లాగి వదిలేవాడు. టప్పుమని గోడ మీద గీత పడేది, మా ముక్కుల మీద నీలం చిమ్మేది. పాలకొట్టు గోడ మీద బొగ్గుతో గేదెను గీసి, రంగు డబ్బా మూత తియ్యకుండానే టీకి వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చేసరికి దారినపోయేవాళ్ళు గోడ ముందు చేరి తలో మాటా అనేవారు.

"కొమ్ములింకా వొంపు తిరగాల బాబూ, సూడు."

నాన్న తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీసేవాడు. "రంగేసేక ఎవులూ నోరిప్పరే గుంటా. బొగ్గు మీదున్నప్పుడే సెప్తారు" అనేవాడు నాతో.

ఇవాళ మాడుగుల నుంచి హల్వా చేసే ఒకావిడ, డబ్బా మీదకి బొమ్మ కావాలని వచ్చింది. కంప్యూటర్లో ఎన్ని చూపించినా "బాగున్నాదమ్మా" అంటుందే గానీ ముఖం వెలగలేదు. ఆర్డరు పోయినట్టే అనుకుని, చివరికి పెన్సిల్ చెక్కి కాగితం మీద మూకుడూ గరిటే గీశాను.

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది.

"గరిటేటమ్మా, మేం తెడ్డుతో తిప్పుతాం. ఇలాగ ఇయ్యి" అని నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుంది.

నేను లేచి టీకి వెళ్ళాను.