కాలికున్న కట్టు

ఆ మధ్యాహ్నం మెదక్ బస్టాండులో కోపంగా కూర్చున్నాను. షుగరు వల్ల కాలికి పుండయి దవాఖానకు వెళ్తే, కట్టు కట్టించిన డాక్టరమ్మ పరిశోధనలో కూడా చేరతారా అని అడిగింది. కొందరికి ఇప్పటి కట్టే కట్టి, కొందరికి మరో కొత్త రకం కట్టి, ఏది మేలో చూస్తారట. ఎవరికేది వస్తుందో చీటీ తీసినట్టేనట. నేనేమన్నా ఎలుకనా అనుకుంటూ వచ్చేశాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ, "కాలికేమైంది బిడ్డా?" అంది. అంతా చెప్పాను.

"కొన్నేండ్ల కింద నన్ను గూడ గట్లనే అడిగిండ్రు. సరే అన్న."

"మానిందా అమ్మా?"

ఆమె చెప్పులోంచి పాదం తీసి చూపింది. రెండు వేళ్లు లేవు.

"నాకు పాత కట్టు వచ్చింది. కొత్తది కట్టినోళ్లకు జల్ది మానింది."

"మరి కోపం రాలేదా?"

"ఎందుకు రాలే? మస్తు ఏడ్సిన. తర్వాత మా చెల్లెకు గిసుంటి పుండే అయింది. గప్పటికి అందరికీ గా కొత్త కట్టే కడుతున్నరు. దాని వేళ్లన్నీ ఉన్నయి."

వంగి నా కాలిని మెల్లగా తాకింది.

"ఇగో, నీకు కట్టింది గూడ గదే."

నా కట్టు వంక చూసుకున్నాను. ఇంతలో అల్లాదుర్గ్ బస్సు వచ్చింది. "పైలం బిడ్డా" అంటూ ఆమె ఎక్కి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు.

తర్వాత నా బస్సూ వచ్చింది కానీ ఎక్కలేదు. ఆటోలో దవాఖానకు తిరిగి వెళ్లి, చేరతానని చెప్పాను.

"మీకు ఏది వస్తదో నా చేతుల లేదు, మరి" అని డాక్టరమ్మ మళ్లీ గుర్తుచేసింది.

తెలుసన్నాను.