ముప్పై ఏడో వాక్యం దగ్గర ఫెక్లా

కాగితం మీద యాభై రెండు వాక్యాలున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో గొప్ప. "చెవిలోకి చూసి చీము పట్టిందో లేదో చెప్పగలను." "పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టి న్యుమోనియాను గుర్తించగలను." "తెగిన గాయానికి కుట్లు వేయగలను." ప్రతిదాని ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా గళ్ళు. ఒకటి అంటే నాకు రాదు అని. ఐదు అంటే ఇంకొకరికి నేర్పేటంత వచ్చు అని. ఎవరి పనితనానికి వాళ్ళే మార్కులు వేసుకోవాలి. ఈ పద్ధతిని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన మా నది వైపు ఎన్నడూ వచ్చి ఉండడు.

ఫెక్లా ఆ కాగితాన్ని ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. ఆమెకు నలభై మూడేళ్ళు. ఉత్తరాది మంచు సీమలో, కస్కోక్విమ్ నది ఒడ్డున నునచ్వాక్ అనే ఊళ్ళో పదకొండేళ్ళుగా ఆరోగ్య కార్యకర్త. మూడు వందల గడపలైనా లేని ఆ ఊరికి డాక్టరు లేడు, రోడ్డూ లేదు. జ్వరమైనా, కాన్పైనా, చేపల కత్తి వేలు తెంపినా ఫెక్లాయే చూస్తుంది, చూసి పట్నంలో డాక్టరుకు ఫోన్లో చెబుతుంది, ఆయన సరేనంటే మందిస్తుంది. రెండేళ్ళకోసారి ఇలా పట్నం వచ్చి నాలుగు వారాల శిక్షణ తీసుకోవాలి. ఇంతకుముందు పరీక్షలు మాత్రం పెట్టి పంపించేవాళ్ళు. ఈ మార్కులు వేసుకునే కాగితం ఈ ఏడాదే వచ్చింది.

నునచ్వాక్‌లో "నాకు వచ్చు" అనే మాట ఎవరి నోటా రాదు. సీలు అనే నీటి జంతువు వేటకు పడవ తీసేవాడు "ఏమో, ఊరికే అలా తిరిగొస్తా" అంటాడు తప్ప "సీలు కొట్టుకొస్తా" అనడు. అంటే సీలు వింటుంది, విని మొహం చాటేస్తుంది. ఫెక్లా ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి తను కోసిన చేప బాగా కుదిరిందని పైకి అనేసింది. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు, అంతే. ఒకరి పనితనం పక్కవాళ్ళు చెప్పాలి, అదీ ఆ మనిషి అక్కడ లేనప్పుడు చెప్పాలి.

అందుకని ఫెక్లా వరుసగా ఒకట్లు వేసుకుంటూ పోయింది. కుట్ల దగ్గర చెయ్యి జారి రెండు వేసింది. మరీ మిడిసిపాటుగా కనిపించి దాన్ని కొట్టేసి ఒకటి చేసింది.

మధ్యాహ్నం కొలీన్ పిలిచింది. శిక్షణ ఇచ్చే నర్సు. ఒహాయో నుంచి వచ్చి రెండేళ్ళయింది. మంచి పిల్లే, కాకపోతే జవాబు ఆలస్యమైతే ఖాళీని తనే నింపేస్తుంది.

"ఫెక్లా గారూ, నిన్న కుట్ల పరీక్షలో మీకు తొంభై ఆరు వచ్చాయి. ఇక్కడేమో ఒకటి వేసుకున్నారు."

"ఆఁ, వేశాను."

"అంటే మీకు కుట్లు రావా?"

వచ్చంటే గొప్పలు పోయినట్టు, రాదంటే అబద్ధమాడినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాసేపు కిటికీలోంచి చూసి, "ఏదో, వేస్తుంటాను" అంది.

"వేస్తుంటారా, వేయగలరా?"

"అవసరమొస్తే వేస్తాను."

"వేస్తే నిలుస్తాయా?"

"ఇంతవరకూ ఎవరూ విప్పించుకోడానికి తప్ప వెనక్కి రాలేదు."

కొలీన్ తల పట్టుకుంది. "చూడండి, ఈ రూలు నేను పెట్టింది కాదు. సగటు మూడు రాకపోతే మిమ్మల్ని ఒంటరిగా పనిలోకి పంపకూడదు. ఇంకో మూడు వారాలు ఇక్కడే ఉంచాలి. నిజంగా ఆలోచించి రేపటికి మళ్ళీ రాసి తీసుకురండి."

మూడు వారాలు! బయట అక్టోబరు. నది ఇవాళో రేపో గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు పడవ వెళ్ళదు, పైన పేరిన మంచు, బండి బరువును ఆపేటంత గట్టిగానూ ఉండదు. మిగిలింది చిన్న విమానం, అది పొగమంచు దయ. రెండో కార్యకర్త పెళ్ళి చేసుకుని ఎండాకాలంలోనే వేరే ఊరు వెళ్ళిపోయింది. ఫెక్లా వచ్చినప్పటి నుంచీ క్లినిక్కుకు తాళమే. ఊళ్ళో ఎవరికైనా ఏదైనా అయితే చూసేవాళ్ళు లేరు.

హాస్టల్లో గదికి తోడుగా ఉన్నది అక్సీన్యా. పై ఊళ్ళో ఇదే పని చేస్తుంది. ఫెక్లాకు మేనమామ కూతురు, కాబట్టి ఎగతాళికి పుట్టుకతో హక్కున్న మనిషి. ఎండు చేప ముక్కను సీలు నూనెలో ముంచుకుని తింటూ కథంతా వింది.

"అన్నీ ఒకట్లే వేశావా? అయితే పదకొండేళ్ళ నుంచీ మీ ఊరివాళ్ళను బతికిస్తున్నది ఎవరమ్మా, మీ కుక్కా?"

"మరి నువ్వేం వేశావే?"

"అన్నింటికీ నాలుగు. నాలుగంటే అటూ కాదు, ఇటూ కాదు. సీలు విన్నా దానికి అర్థం కాదు."

"సిగ్గు లేదూ నీకు?"

"ఉంది వదినా. సిగ్గు ఎంతుందని అడిగితే దానికీ నాలుగే వేస్తాను."

ఫెక్లా నవ్వాపుకోలేకపోయింది. నవ్వాక మళ్ళీ దిగులు పట్టుకుంది.

"ఐదు వేసి పారెయ్ వదినా. మూడు దాటాలి, ఇంటికెళ్ళాలి, అంతేగా. కాగితానికి చెవులుంటాయా?"

అదీ నిజమేననిపించి ఫెక్లా కొత్త కాగితం ముందేసుకుంది. ఒకటో దానికి ఐదు. రెండో దానికి ఐదు. చెవులు ఎర్రబడ్డాయి. ఊరి మధ్యలో నిలబడి తన పేరు తనే అరుస్తున్నట్టుంది. అయినా పళ్ళ బిగువున వేసుకుంటూ పోయి, ముప్పై ఏడో వాక్యం దగ్గర ఆగిపోయింది. "రోగి చెప్పే నొప్పి ఎంత తీవ్రమైనదో సరిగ్గా అంచనా వేయగలను."

చాలాసేపు చూసి ఒకటి వేసింది. మిగిలినవాటికి మళ్ళీ ఐదులు.

అక్సీన్యా భుజం మీంచి తొంగి చూసింది. "చేపంతా తిని తోక దగ్గర ఆగావేం?"

"అది నాకు రాదు."

ఆ మాట మర్యాదకు అన్నదో, నిజంగా అన్నదో అక్సీన్యాకు తెలియలేదు. ఏదో వేళాకోళమాడబోయి, వదిన మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు పొద్దున కొలీన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. పాపం, ఆ పిల్ల పరిస్థితీ అయోమయంగానే ఉంది.

"నిన్న మీకు ఏమీ రాదు. ఇవాళ అన్నీ వచ్చు. ఏది నమ్మమంటారు?"

"మీరు మళ్ళీ రాయమన్నారు."

"నిజం రాయమన్నాను!"

నిజమేమిటో ఫెక్లాకు తెలిస్తేగా! ఒకటి వేస్తే రాదా అంటారు, ఐదు వేస్తే ఏది నమ్మాలంటారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొలీన్ రెండు కాగితాల మీదా వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చింది. ఒకచోట వేలు ఆగింది.

"ముప్పై ఏడు మాత్రం రెండు రోజులూ ఒకటే. ఇదెందుకు మారలేదు?"

ఫెక్లా మాట్లాడలేదు. ఈసారి కొలీన్ కూడా ఖాళీని నింపలేదు. ఎలా తెలిసిందో గానీ ఊరుకుని కూర్చుంది.

"పోయిన ఫిబ్రవరిలో మా ఎఫిమ్ బాబాయి క్లినిక్కుకు వచ్చాడు" అంది ఫెక్లా చివరికి. "మా పిన్ని భర్త. డెబ్బై ఒకటి. కడుపులో మంటగా ఉందన్నాడు. నొప్పెంత, సున్నా నుంచి పది లోపు చెప్పు బాబాయ్ అన్నాను. గోడ మీద నొప్పిని బట్టి మారే మొహాల బొమ్మలు కూడా చూపించాను. రెండన్నాడు. నేను రెండని రాసుకున్నాను. డాక్టరుకు ఫోన్లో రెండనే చెప్పాను. మంటకు మందిచ్చి పంపించాను. తెల్లారేసరికి పోయాడు. గుండె."

"మీరు అడగాల్సిందే అడిగారు. పుస్తకంలో ఉన్నట్టే చేశారు."

"పుస్తకానికి మా బాబాయి తెలీదు. నాకు తెలుసు. గొడ్డలి జారి కాలు ఎముక దాకా తెగితే గీసుకుందన్న మనిషి ఆయన. మావాళ్ళం అంతే. మా గురించి మమ్మల్ని అడిగితే తక్కువే చెప్తాం, ఎదుటివాళ్ళకి బరువు కాకూడదని…"

అక్కడ ఆమె ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చిన మాట అప్పుడే తన చెవిన పడింది. బల్ల మీద నిన్నటి కాగితం ఉంది, పైనుంచి కింది దాకా ఒకట్లు.

"చూడండి మరి. అన్నింటికీ ఒకటి వేసుకునే మనిషిని" అంది, "ఆయన రెండంటే నమ్మేశాను."

కొలీన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు ఎవరైనా వచ్చి రెండంటే ఏం చేస్తారు?"

"టీ ఇస్తాను. తాగుతాడా లేదా చూస్తాను. బూట్లు విప్పుకోడానికి వంగాడా, గుమ్మం దగ్గర ఆయాసపడ్డాడా చూస్తాను. ఇంట్లోవాళ్ళను పిలిచి రాత్రి నిద్రపోయాడా అని అడుగుతాను. డాక్టరుతో కూడా చెప్తాను, ఈయన రెండంటున్నాడు గానీ నాకు ఎనిమిదనిపిస్తోందని."

"నేను ఒహాయోలోనూ ఇక్కడా కలిపి ఆరేళ్ళుగా పాఠం చెప్తున్నాను. ఇంత బాగా నాకు రాదు. దీనికి ఐదు వేస్తున్నాను."

"వద్దు."

"ఎందుకు?"

"ఇది ఆయన పోయాక వచ్చింది."

కొలీన్ ఇక వాదించలేదు. మూడో కాగితం తీసి, కలం తనే పట్టుకుంది. వచ్చా రాదా అని అడగలేదు. కిందటేడు ఎన్ని చెవులు చూశారు, అందులో డాక్టరు మీ మాట కాదన్నవి ఎన్ని, మీ కుట్లు ఎన్ని చీము పట్టాయి, ఇలా అడుగుతూ పోయింది. జరిగింది చెప్పడానికి సిగ్గెందుకు? ఫెక్లా తడుముకోకుండా చెప్పింది. మార్కులు కొలీన్ వేసింది. ముప్పై ఏడుకు ఒకటి ఉంచి, మిగతావన్నీ కూడితే సగటు నాలుగుకు కాస్త పైన తేలింది. కొలీన్ కింద సంతకం చేసింది.

శనివారం పొగమంచు విడగానే విమానం లేచింది. పని దొరికింది, ఊరు దొరికింది. మామూలుగా అయితే సంతోషించాలి. ఫెక్లా మాత్రం కిటికీలోంచి కింద అంచులు తెల్లబడుతున్న నదిని చూస్తూ, యాభై ఒక్కటి వచ్చి ఒక్కటి రానిదాన్ని ఏమనాలో అనుకుంటూ కూర్చుంది. మిగతా యాభై ఒక్కటీ కలిసినా బాబాయిని లేపలేవు.

ఊళ్ళో విమానాలు దిగే చోట మత్రోనా పిన్ని తన నాలుగు చక్రాల మోటారు బండి మీద కూర్చుని ఉంది, తలగుడ్డ బిగించి కట్టుకుని. ఎఫిమ్ బాబాయి భార్య. ఆమెకు ఎవరూ కబురు పెట్టలేదు. అయినా ఈ ఊళ్ళో ఏదీ దాగదు, అక్సీన్యా ఫోను చేసే ఉంటుంది.

"వచ్చావా. మార్కులు వేసుకున్నావంట?"

"నన్ను చంపకు పిన్నీ."

"ఏమోలే. నువ్వు లేవని నాలుగు వారాల నుంచీ ఎవరూ జబ్బు పడలేదు, భయానికి. రేపు తాళం తియ్యి, గుమ్మం దగ్గర ఊరంతా ఉంటుంది." పిన్ని సంచి అందుకుని వెనక కట్టింది.

ఫెక్లా బండి ఎక్కలేదు. ఎనిమిది నెలలుగా ఆ ఇంటికి చేపలు తీసుకెళ్ళింది, పిన్నికి బీపీ చూసింది, పక్కన కూర్చుని టీ తాగింది. ఈ ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు.

"పిన్నీ. ఆ రోజు బాబాయి నాతో నొప్పి రెండన్నాడు. పదికి రెండు. నేను నమ్మేసి పంపించాను. నమ్మకుండా ఉంటే విమానం పిలిచేదాన్ని. ఆ రోజు ఆకాశం బాగానే ఉంది."

మత్రోనా పిన్ని తాళం తిప్పబోయి ఆగింది. నది వైపు చూసింది. ఫెక్లా తిట్టు కోసం ఎదురుచూసింది, ఒక దెబ్బ వేసినా బాగుండుననుకుంది.

"నీకు రెండైనా చెప్పాడు" అంది పిన్ని. "నాకైతే ఏమీ లేదన్నాడు. నలభై ఆరేళ్ళు కాపురం చేసినదాన్ని. నేనూ నమ్మి పడుకున్నాను."