మూడో వరుసలో పెట్టిన కోర్సు

ఆగస్టు ఇరవై ఐదు, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నా మనవరాలి చదువు నా చేతిలో చెడిపోవడం మొదలైంది. మేమిద్దరం అప్పుడు నెల్లూరులో ఒక నెట్ షాపులో ఉన్నాం. డిగ్రీ సీట్లకు వెబ్ ఆప్షన్లు పెట్టడానికి అదే చివరి రోజు. సాయంత్రం దాకా గడువుంది. తొందరపెట్టింది నేనే.

పిల్ల నా కూతురి కూతురు. తండ్రి లేడు. ఇంటర్‌లో వెయ్యికి 871 మార్కులు వచ్చాయి. నా కూతురు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసి పొట్టు ఒలిచే హాల్లో పని చేస్తుంది. వేసవిలో ఒకరోజు తల్లికి అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్లిన పిల్ల, అక్కడ ఆఫీసు గదిలో ఒకామెను చూసింది. బయటి దేశాలకు వెళ్లే కంటెయినర్ల కాగితాలన్నీ ఆమె చేతి మీదుగా నడుస్తాయి. ఏ పెట్టె ఏ ఓడకు, ఏ రోజు రేవుకు చేరాలి, లోపల చల్లదనం ఎంత ఉండాలి, అన్నీ ఆమే చూస్తుంది. ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఏం చదవాలని పిల్ల ధైర్యం చేసి అడిగింది.

ఆమె విసుక్కోకుండా చెప్పిందట. బీకాం చదివితే లెక్కల వైపు, ఆడిటరు దగ్గరికో బ్యాంకు పరీక్షలకో వెళ్లవచ్చు. మామూలు బీబీఏ అయితే పైన ఎంబీఏ చదివే దాకా ఎటూ తేలకపోవచ్చు. ఈ పనికి మాత్రం బీబీఏలో లాజిస్టిక్స్ అని ఉంది, సరుకు రవాణా చదువు. మూడో ఏడాదిలో కంపెనీలోనే పని నేర్పిస్తారు. ఆ కోర్సు పిల్లలను వాళ్లు ఏటా ఇద్దరిని తీసుకుంటారు.

పిల్ల ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీసి, ఏ డిగ్రీకి ఏ సబ్జెక్టులు, ఏ ఉద్యోగాలు, ఎంత ఫీజు అని రాసుకుంది. నేను దాన్ని రెండుసార్లు సరిచూశాను. మాకు అందుబాటులో లాజిస్టిక్స్ ఉన్నది ఒక్క కాలేజీలోనే, నలభై సీట్లు. ఆమె మార్కులకు అది దొరుకుతుంది. కోర్సు ఎంచుకోవడంలో మేం తప్పు చేయలేదు. తప్పు అడగడంలో జరిగింది.

నేను ముప్పై ఆరేళ్లు మైపాడు ఒడ్డున చేపలు వేలంలో పాడుకుని నెల్లూరులో అమ్మాను. పడవ రాగానే ఇసుక మీద చేపలు కుప్పలు పోసి పాట పెడతారు. తనకు కావలసిన కుప్ప దగ్గర ముందుగా నిలబడేంత తెలివితక్కువవాళ్లు మాలో ఎవరూ లేరు. వంజరం కావాలంటే చవక చేపలు, కవళ్ల కుప్ప దగ్గర కూర్చోవాలి. మొప్పలు ఎత్తి చూడాలి, పెదవి విరవాలి, బేరం చేయాలి. లేచిపోతూ, పోతూ, 'అదెంత' అని వంజరం వైపు చెయ్యి చూపాలి. ఆశ బయటపడితే ధర పెరుగుతుంది. జూన్‌లో ఒక ప్రైవేటు కాలేజీ మనిషి రంగుల కాగితాలతో మా ఇంటికి వచ్చినప్పుడు కూడా అదే జరిగింది. పిల్ల ముఖం చూసి, అప్పటికే చెప్పిన ఫీజు మీద మూడు వేలు పెంచాడు. అది నా మనసులో ఉండిపోయింది.

"మొదట బీకాం పెట్టు. రెండోది కంప్యూటర్ల బీకాం. మనది మూడోది," అన్నాను.

"ఇక్కడ మనకేది కావాల్నో అదే ముందు పెట్టాలవ్వా."

"ముందు పెడితే మన ఆశ తెలిసిపోతాది. సీటుకింత ఇమ్మంటారు."

నెట్ షాపాయన నవ్వాడు. "ఇదేమన్నా చేపల పాటా పెద్దమ్మా? అవతలుండేది కంప్యూటరు. దానికి నీ మొగం కనపడదు."

"కంప్యూటరు ఎనకాల మనిషి ఉంటాడు గదా నాయనా. మనిషి లేని పాట యాడన్నా ఉందా?"

పిల్ల నా వైపు చూసింది. చిన్నప్పటినుంచి నా లెక్కను ఒక్కసారి కూడా కాదనలేదు. పదకొండు ఇరవై రెండుకు నేను చెప్పిన వరుసలోనే పెట్టి, ఖాయం చేసే బొత్తాం నొక్కింది.

ఆగస్టు ముప్పై ఒకటిన ఫోనుకు మెసేజ్ వచ్చింది. మంచి మార్కులున్న పిల్ల కాబట్టి మొదట అడిగినదే ఇచ్చారు. బీకాం. పిల్ల మెసేజ్ నాకు చదివి వినిపించి, ఫోను బోర్లా పెట్టింది. మూడు రోజుల్లో చేరకపోతే అదీ పోతుందన్నారు. చేతిలో ఉన్నది వదలకూడదని నేనే పట్టుబట్టాను. మర్నాడు నా కూతురు పూట సెలవు పెట్టి వచ్చి సంతకం చేసింది. పదో తరగతి నుంచి ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆ కాలేజీకి ఇచ్చేశాం. రెండో విడతలో పిల్ల లాజిస్టిక్స్‌ను మొదట పెట్టింది. అప్పటికి నలభై సీట్లూ నిండిపోయాయి.

సెప్టెంబరు తొమ్మిదిన ఒంటరిగా ఆ లాజిస్టిక్స్ కాలేజీకి వెళ్లాను. ఆఫీసులో ఉన్న గుమాస్తా అమ్మాయి జాబితా తీసి చూపించింది. చివరి సీటు దక్కిన పిల్లకు 702 మార్కులు. మా పిల్లకంటే 169 తక్కువ. ముందు పెట్టి ఉంటే మొదటి విడతలోనే వచ్చి ఉండేదని ఆమె మెల్లగానే చెప్పింది. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్లాను. మూడోసారి కాళ్లు పట్టుకోబోతే ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఎవరైనా మానేస్తే ఫోను చేస్తానంది.

చేసింది. సెప్టెంబరు ఇరవై ఆరు, శుక్రవారం, ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. ఒక పిల్ల ఇంజనీరింగ్ సీటు వచ్చి వెళ్లిపోయింది. సీటు ఒక్కటే. సాయంత్రం నాలుగు గంటలలోపు ఒరిజినల్స్‌తో రావాలి. వెయిటింగ్‌లో మా పిల్లదే మొదటి పేరు.

ఆ రోజు పిల్ల, నేను బీకాం కాలేజీకి చేరేసరికి పదకొండయింది. చేరినప్పుడు తల్లిగా సంతకం చేసినవారే వచ్చి రద్దు కాగితం మీద చెయ్యాలని అక్కడి గుమాస్తా అన్నాడు. అవ్వ సంతకం చెల్లదు. నా కూతురు ఫ్యాక్టరీలో ఉంది. హాల్లోకి వెళ్లేముందు అందరూ ఫోన్లు బయట పెట్టెల్లో పెట్టి తాళం వేయాలి. పదకొండుసార్లు చేశాను, పెట్టెలో మోగి ఉంటుంది. పిల్లను అక్కడే కూర్చోబెట్టి నేను ఆటో ఎక్కాను.

పన్నెండు ఇరవై ఐదుకు ఫ్యాక్టరీ గేటు. కంటెయినర్ నింపుతున్నారు, సూపర్‌వైజరు చీటీ లేకుండా ఎవరినీ బయటికి పంపరట. ఆఫీసామె రేవుకు వెళ్లింది. ఎండలో నిలబడి ప్రతి పది నిమిషాలకూ వాచ్‌మన్‌ను అడిగాను. చివరికి అతనే విసిగిపోయి లోపలికి వెళ్లాడు. రెండు పదికి నా కూతురు తలకు టోపీ, కాళ్లకు తడి రబ్బరు బూట్లతోనే బయటికి వచ్చింది. బట్టలు మార్చుకోనివ్వలేదు నేను.

మూడు ఇరవైకి సంతకం. మూడు నలభై ఏడుకు గుమాస్తా కంప్యూటర్లో పేరు తీసేసి సర్టిఫికెట్ల కవరు చేతికిచ్చాడు. లాజిస్టిక్స్ కాలేజీ ఊరికి అటు కొస. రైలు వంతెన కింద వాహనాలు ఆగిపోయాయి. పిల్ల ఆటో దిగి, కవరు గుండెకు అదుముకుని పరుగెత్తింది. ఆమె చేరేసరికే నాలుగు దాటింది. మేం వెనక చేరాం. అప్పటికి నాలుగు పద్నాలుగు.

ఆఫీసులో ఇంకో పిల్ల తండ్రితో కూర్చుని ఫారం నింపుతోంది.

"చివరి దాకా మీకోసమే ఆపినా పెద్దమ్మా. గడువు దాటితే సీటు ఖాళీగా మిగిలిపోతాదని, నాలుగుకు రెండు నిమిషాలుండంగా ఆ పాప పేరు ఎక్కించినా," అంది గుమాస్తా అమ్మాయి.

నా కూతురు ఏడవలేదు. పిల్ల, తన తల్లి బూట్ల వైపు చూస్తూ, "నీ షిఫ్టు కూలీ పోయింది గదమ్మా," అంది.

సోమవారం పొద్దున్నే బీకాం కాలేజీకి వెళ్లాను, ఆ సీటైనా తిరిగి ఇమ్మని. "రద్దయిన పేరు మళ్లీ ఎక్కించే దారి లేదవ్వా. వచ్చే ఏడే," అన్నాడు గుమాస్తా. గట్టిగా కూడా అనలేదు. మెట్ల మీద నలభై నిమిషాలు కూర్చున్నాను, ఏ బస్సు ఎక్కాలో గుర్తు రాక.

అక్టోబరు ఆరు నుంచి పిల్ల తల్లి పక్కన నిలబడి రొయ్యలు ఒలుస్తోంది. వచ్చే ఏడాది మళ్లీ పెడదామా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ లేచి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

పోయినవి: లాజిస్టిక్స్ సీటు ఒకటి. బీకాం సీటు ఒకటి. ఫ్యాక్టరీ ఏటా తీసుకునే ఇద్దరిలో మా పిల్లకు రావలసిన చోటు ఒకటి. నా కూతురికి ఒకటిన్నర రోజు కూలి. ఆ పిల్ల పద్దెనిమిదో ఏడు మొత్తం.