పాలిష్ పట్టిన పాదాలు

కాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. నేను చదివిన యాత్రాగ్రంథాల్లో కొండలున్నాయి, నదులున్నాయి, దొంగల భయాలున్నాయి. ఆ యాత్రికుణ్ణి అంత దూరమూ మోసిన బూట్ల గురించి మాత్రం ఒక్క ముక్క కనపడదు. ముప్పై ఏళ్లు కాలు నిలవక తిరిగాక, నా కుడికాలి బొటనవేలి పక్కన ఎముక గోలీకాయంత పొడుచుకొచ్చింది. కొట్లో దొరికే ఏ బూటూ దాన్ని ఒప్పుకోలేదు. కొలతలమ్మతో పరిచయం అలా అయింది.

అది జనం పెట్టిన పేరు. మామూలు బూట్లు పట్టని కాళ్లకి బూట్లు కుట్టడం ఆమె పని. ఒక్కో మనిషికీ పాదం ఆకారంలో ఒక జత చెక్క అచ్చులు పెట్టుకుంటుంది. కాయ కాసినచోట, ఎముక లేచినచోట అచ్చు మీద చిన్న తోలుముక్క అంటిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముక్క మీద ముక్క. చూడటానికి రోతగానే ఉంటాయి. కానీ కొలతలన్నీ వాటిలోనే. రాసి పెట్టుకోవచ్చు కదమ్మా అని ఒకసారి అడిగితే, "కాగితానికి కాయలు కాస్తాయా?" అంది.

ఆరేళ్లు ఆమె ఒకాయనతో కలిసి ఉంది. కుర్చీలకీ బీరువాలకీ పాలిష్ పట్టే మనిషి, పనిలో దిట్ట. ఎందుకు చెడిందో నేను అడగలేదు. ఒకరోజు రెండు సంచులతో చెల్లెలింటికి వచ్చేసి, ముందుగదిలో మళ్లీ దుకాణం పెట్టింది. అచ్చులు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి, ముప్పై ఎనిమిది జతలు. అడగడానికి అభిమానం అడ్డొచ్చి రెండు నెలలు నెట్టుకొచ్చింది.

ఇక లాభం లేదనిపించింది లెక్కల మాస్టారి వల్ల. చిన్నప్పుడే ఆయన ఎడమకాలు చిక్కిపోయింది. ఉన్న ఒక్క జత అట్ట ఊడి, మూడు వారాలుగా బడికి పోవడం లేదు. సోమవారానికి కొత్తవి ఇస్తానని ఈమె మాటిచ్చేసింది. అచ్చు లేకుండా ఎలా కుడుతుంది?

అచ్చులు తెచ్చుకోవడానికి శనివారం పొద్దున్నే ఆయనింటికి బయల్దేరాం. చెల్లెలు లాండ్రీ బట్టలు చేరవేసే వ్యాన్ నడుపుతుంది.

"పెద్దాయనా, మీరూ ఎక్కండి. మీరుంటే అక్క ఏడవదు, నేను కొట్టను."

ఏమేం తిట్టాలో దారిపొడుగునా అప్పజెప్పుకుంటూనే ఉంది. మూడో అంతస్తు ఎక్కి తలుపు కొట్టాం. ఆయన తీశాడు.

"బాగున్నావా బావా?" అనేసి నాలిక్కరుచుకుంది చెల్లెలు. ఆరేళ్ల అలవాటు మరి.

"అయిపోయిందా నీ యుద్ధం?" అంది అక్క.

గోడవార నాలుగు అట్టపెట్టెలు. "అన్నీ సర్దేశా. ఒక్కటీ పోలేదు, చూసుకో," అన్నాడాయన. ఒక్కో అచ్చూ పాతగుడ్డలో చుట్టి ఉంది. ఆమె మొదటిది విప్పింది. అద్దంలా మెరిసింది.

"ఏంటిది?"

"పాలిష్. మూడు పూతలు. రెండు నెలలుగా పని అయ్యాక కూర్చుని పట్టా. ఎప్పటికైనా తీసుకెళ్తావు కదా, మురికివి మురికిగా ఎందుకివ్వడం అని..."

"దీనిమీద ముక్కలేవి?"

"ఆ అతుకులా? గీకి పారేశా. ఏం అంటించావే తల్లీ, గోళ్లు ఊడొచ్చాయి!"

నేను నా పేరు చెక్కి ఉన్న జత తీసి చూసుకున్నాను. ఇరవయ్యో ఏట కూడా నా కాలికి అంత అందం లేదు.

ఆమె ఒక పెట్టె మీద కూలబడింది. "కావాలని పాడుచేసుంటే బాగుండేది. నాలుగు తిట్టి పోయేదాన్ని."

ఆయనకి అప్పటికి అర్థమైంది. మొహం మాడిపోయింది. "అవే కొలతలని ఒక్కసారన్నా చెప్పావా?"

"ఆరేళ్లు పక్కనే ఉన్నావుగా, చూడలేదా?"

"నా పని నువ్వు చూశావా మరి?"

ఆమె లేచి, తను కూర్చున్న పెట్టె ఎత్తుకుంది. పెట్టెలు మోసుకుని కిందికి దిగాం.

అక్కణ్ణించి తిన్నగా మాస్టారింటికే. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వి కాలు చాపాడు. కొలవడం సగమయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట అమ్మాయ్. మడమ దగ్గర రెండేళ్లుగా నొక్కుతోంది. నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నా."

"లెక్కల మాస్టారై ఉండి రెండేళ్లు తప్పు లెక్క మోశారా? అప్పుడే చెప్పొద్దూ!"

ఆదివారం ఇంకో చిక్కు. పాలిష్ మీద జిగురు పట్టడం లేదు. ముక్క అంటించడం, అది జారడం. నాలుగోసారి జారాక చెల్లెలు బావ నంబరు కలిపి ఫోన్ అక్క చేతిలో పెట్టింది.

"పాలిష్ ఎలా వదుల్తుంది?"

"నేనొస్తా."

"చెప్తే చాలు."

"చెప్తే వచ్చే పని కాదు. నువ్వు గీకితే చెక్క అరిగిపోతుంది."

గరుకు కాగితమూ స్పిరిట్ సీసా పట్టుకుని గంటలో వచ్చాడు. గుమ్మంలోనే కూర్చుని, ముందు మాస్టారి జత అందుకున్నాడు. తను పట్టిన మూడు పూతలూ తనే ఒక్కొక్కటిగా దింపాడు. ఆ తర్వాత మరో నాలుగు సాయంత్రాలు వచ్చాడు. కాగితం గరుకు సరిపోయిందా, ఇది ఆరిందా, అంతకుమించి ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను నా గోలీకాయ కొలిపించుకునే వంకతో రోజూ అక్కడే ఉన్నాను.

మాస్టారి బూట్లు సోమవారానికి కాలేదు, బుధవారానికి అయ్యాయి. గురువారం ఆయన బడికెళ్లాడు. పిల్లలు సంతోషించారని మాత్రం చెప్పలేను.

ఆ సాయంత్రం పాలిష్ ఆయన చేతికి చివరి జత వచ్చింది. తిప్పి అడుగున పేరు చూశాడు. తనదే.

"ఇది కూడా తియ్యనా?"

ఆమె తోలు కోస్తూ తల ఎత్తలేదు.

"తియ్యి. మళ్లీ కొలవాలి. కానీ ఊరికే రాకు, ఫోన్ చేసి రా. నీకంటే ముందు పాతికమంది ఉన్నారు."

"సరే," అని ఆయన కొత్త కాగితం చించుకున్నాడు.