సారా టీచరు కలిపిన నీళ్ళు

1968 జూన్‌లో రేపల్లె దగ్గరి ఒక హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరిన రోజే, స్టాఫ్‌రూములో సారాకు విడిగా ఒక కూజా, గ్లాసు చూపించారు.

"మీకు సౌకర్యంగా ఉంటుందని పెట్టించామమ్మా," అన్నారు హెడ్మాష్టరు శివరామయ్యగారు. మూలనున్న పెద్ద కుండ మిగతా పదకొండు మందిదీ.

సారా నెలరోజులు ఊరుకుంది. ఆమె నగరం అనే ఊరి పక్క మాలపల్లెలో లూథరన్ చర్చి ఉపదేశి యోబు కూతురు. యోబు సెమినరీలో గ్రీకు చదివాడు. కూతురికి చిన్నప్పటినుంచీ ఒక్కో మాటా విప్పి చెప్పేవాడు.

జూలైలో పదో తరగతికి సంధులు చెబుతూ సారా అంది: "ఇలా అచ్చులు కలిసిపోవడాన్ని గ్రీకులో క్రాసిస్ అంటారు. అసలు అర్థం కలపడం. వాళ్ళు ద్రాక్షారసంలో నీళ్ళు కలుపుకునే తాగేవాళ్ళు. కలపకుండా తాగేవాణ్ణి మోటువాడనేవాళ్ళు. ఒంట్లో రసాలు సమంగా కలవడాన్నీ, మనిషి స్వభావాన్నీ వైద్యులు అదే మాటతో చెప్పారు. ఇప్పుడక్కడ ద్రాక్షారసాన్నే క్రాసీ అంటారు. కలపడమే దాని పేరైపోయింది."

వరండాలో శివరామయ్యగారు ఆగారు. "తెలుగు క్లాసులో గ్రీకేంటమ్మా? దేనికది విడిగా ఉంటేనే అందం."

ఆ మాట సారాకు సూటిగా తగిలింది. ఇంటర్వెల్లో అందరూ చూస్తుండగా తన కూజా ఎత్తి, నీళ్ళన్నీ పెద్ద కుండలో పోసింది.

"నా నీళ్ళేవో, మీ నీళ్ళేవో ఏరి ఇవ్వండి మాష్టారూ. ఇస్తే రేపణ్ణుంచి నా కూజా నేనే మోసుకొస్తాను."

"ఎంత పొగరమ్మా నీకు!"

"పొగరు కాదండి. దాహం."

ఆ నీళ్ళు పారబోయించి కొత్త కుండ తెప్పించారు. మర్నాడు సారా అందులోనూ పోసింది. మెమో వచ్చింది. "కలిపాను. మళ్ళీ కలుపుతాను," అని కింద రాసి సంతకం పెట్టింది.

మూడో రోజు, మరో కొత్త కుండలోనూ ఆమె నీళ్ళు పోయగానే, కర్లపాలెం ఆసాముల ఇంటి ఆడపడుచు, లెక్కల టీచరు చంద్రకళ లేచింది. గ్లాసు ముంచుకుని గటగటా తాగింది.

"మీ గొడవ తేలేదాకా నా గొంతు ఆగదు సారాగారూ," అని రెండో గ్లాసు ముంచి ఆమె చేతికిచ్చింది.

నెల తిరిగేసరికి ఎక్కువమంది ఆ కుండలోవే తాగారు. శివరామయ్యగారు మాత్రం రిటైరయ్యేదాకా ఇంటినుంచే మరచెంబుతో నీళ్ళు తెచ్చుకున్నారు. సారా రోజూ అడిగేది: "చల్లటి నీళ్ళున్నాయండి, ఇమ్మంటారా?"

ఆయన వద్దనేవారు. ఆమె అడగడం మానలేదు.