పావుగంట ములాఖత్

పటాన్‌చెరులోని ఆసుపత్రిలో తల్లి సాయమ్మ చెయ్యి పట్టుకుని ఎల్సీ ఏదో చెబుతోంది. గోడవారగా నిలబడ్డ తండ్రి అహరోను గడియారం చూసి, "టైం అయింది, ఇగ లేవాలె" అన్నాడు. కూతురు తెల్లబోయింది. నర్సులెవరూ వెళ్లమనలేదు. ఎల్సీ వచ్చి సరిగ్గా పావుగంట అయింది, అంతే.

ఆయన్ని తిట్టి లాభం లేదు. అహరోను జైలు వార్డరు. ఇరవై రెండేళ్లుగా ములాఖత్ గది ఆయనదే. ఇనుప జాలీకి అటు ఖైదీ, ఇటు ఇంటివాళ్లు, మధ్యలో ఈయన. చేరిన కొత్తలో గడ్డపోతారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఏడుస్తుంటే మనసు కరిగి అరగంట వదిలేశాడు. ఆరోజు వరుస చివర నిలబడ్డ నలుగురు తమవాళ్ల ముఖం చూడకుండానే ఇళ్లకు పోయారు. ఆ తర్వాత ఎవరికీ నిమిషం ఎక్కువ ఇవ్వలేదు. ఖైదీల ఇళ్లలో ఎవరైనా పోతే ఆ కబురు చెప్పడానికీ ఆయన్నే పంపేవారు. గొంతు వణకదని పేరు. ఆ పేరుకు మురిసిపోయాడు కూడా, పిచ్చి మనిషి. ఇంట్లో ఆయన మాటలు తగ్గిపోయాయని గమనించింది సాయమ్మ ఒక్కతే.

ఎల్సీ బయటికి వెళ్లాక సాయమ్మ ఆయన్ని మంచం మీద కూర్చోమంది. డాక్టరు వారమో పది రోజులో అన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"రేపు సెలవు పెట్టు. నా దగ్గర కూసో. ఏం జెయ్యకు, ఉత్తగ ముచ్చట పెట్టు."

సరేనన్నాడు. తోటి వార్డరు మజహర్, పండుగ పనులున్నా సరే, ఆ డ్యూటీ తాను చూసుకుంటానన్నాడు. కానీ తెల్లారి రంజాన్ ముందటి ములాఖత్‌లు, జనం వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చిందని జైలు నుంచి ఫోను. తాను లేకపోతే సగం మందికి ములాఖత్ అందదని యూనిఫాం తొడుక్కున్నాడు. మధ్యాహ్నానికల్లా వస్తానంటే సాయమ్మ తల ఊపింది. నిజానికి ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక భయపడ్డాడు. ఆ సంగతి తనకు తాను కూడా ఒప్పుకోలేదు.

పన్నెండున్నరకు మజహర్ ఎదురుగా వచ్చి, కబురు చెప్పబోయి ఏడ్చేశాడు. అహరోనుకు అర్థమైంది. ఎన్ని గంటలకు అని అడిగాడు. ఇన్నేళ్లూ ఆయన కబురు చెప్పగానే ఖైదీలు అడిగే మొదటి మాట అదే.

ఆసుపత్రిలో ఎల్సీ ఆయన చొక్కా పట్టుకుంది.

"డాడీ, జెర ఏడ్వు. నువ్వు గిట్లుంటే నాకు బుగులైతున్నది."

ఏడవాలనే చూశాడు. రాలేదు. భార్య పక్కన మంచం మీద కూర్చున్నాడు. ఆమె అడిగిన ముచ్చట ఏదైనా చెబుదామని ఎంత వెతుక్కున్నా డ్యూటీ తప్ప మరొకటి దొరకలేదు.

"పొద్దుగాల జనం మస్తుండె సాయమ్మా," అన్నాడు. "అందర్నీ కలిపిన."